కిలుము తీసిన చెయ్యి

గుడియాత్తం
చిత్తిరి నెల ఆఖరు శుక్రవారం

తొరపాడిలో ఉండే నా మేనల్లుడు లోగనాథన్‌కు కాశమ్మత్త రాసేది,

పోయిన వారం నువ్వు ఫోనులో అరిచిందంతా వీధి మొత్తం వినిందంట, నేను తప్ప. మరమగ్గాల షెడ్డులో అన్నేండ్లు కూర్చున్న చెవులు ఇవి, నువ్వు గొంతు చించుకున్నా తిరిగి రావు. సెల్లులో చదవమంటావా, అవి అక్షరాలు కాదు, చీమల బారు. అందుకే కాయితం మీద రాయి అంటా ఉండా. చిన్నప్పుడు నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకోని తెలుగు అక్షరాలు దిద్దించింది ఎందుకనుకున్నావు? మన ఇండ్లల్లో అందరూ తెలుగు మాట్లాడేవాళ్లే, చదివేది మాత్రం నువ్వూ నేనూ. మనం ఏమి రాసుకున్నా నా కోడలికి గూడా తెలీదు. అదొక సుఖం.

ఆ కోడలే నా చెవిలో నోరు పెట్టి అరిచి చెప్పింది, గోమతి, నువ్వు కొత్త మిషను తెచ్చినావని. చింతపండు అక్కర్లేదంట, పీచు అక్కర్లేదంట, లైటు కొడితే చాలు రాగి మీద పచ్చ కిలుము ఎగిరిపోతాదంట. నిజమేనా? నీ మాటల్లో సగం తీసేసి నమ్మాల అని మీ నాయన అనేవాడు.

లుంగీల మూటలతో దొరై వేలూరు వస్తా ఉండాడు. వాడి చేతికి ఒక రాగి చెంబు ఇచ్చి పంపినా. అటక మీద పడి ఉన్నది, పట్టుకుంటే చెయ్యి పచ్చగా అవుతాది. దాని మీద చేసి చూపించు. ఊరికే, తెలుసుకుందామని అడగతా ఉండా, అంతే.

నీ పెండ్లాం మోహనకు ఆశీర్వాదం.

మీ అత్త

* * *

వేలూరు, తొరపాడి
మే 19

అత్తా,

చెంబు చేరింది, తిరుగు మూటలో వస్తాది. సగం చేసి సగం వదిలిపెట్టినా, తేడా నీ కంటికే తెలియాలని. మోహన చూసి, ఆ సగం గూడా చెయ్యి, పెద్దామెతో ఎగతాళి ఏంది అనింది. నేను వినలా.

దీని పని ఇంతే. తుపాకి మాదిరి ఒకటి చేతిలో పట్టుకుంటాము, దాంట్లోంచి లేజరు వెలుతురు వస్తాది. పచ్చ కిలుము ఆ వెలుతురును మింగతాది, మింగి వేడెక్కి పొడై ఎగిరిపోతాది. రాగి మింగదు, వెనక్కి కొడతాది. అందుకే కిలుము పోతాది, రాగి ఉంటాది. చింతపండుతో తోమితే కిలుముతో పాటు రవ్వంత రాగి గూడా పోతాది, దీంట్లో అది లేదు. ఒకటే షరతు, చెయ్యి ఒక్కచోట ఆగకూడదు. ఆగితే రాగి నల్లబడతాది. చెంబు అడుగున చిన్న మచ్చ కనిపిస్తాది చూడు, అది మోహన నన్ను తిట్టేటప్పుడు నా చెయ్యి ఆగిన చోటు.

ఇప్పటిదాకా నేను చేసింది తుప్పు పట్టిన అచ్చులు, మిషను భాగాలు, పళ్ళికొండ హోటలు వాళ్ల ఇత్తడి దీపపు సెమ్మె. నీ చెంబే నా మొదటి రాగి.

పోతే, ఒక్క చెంబు కోసం ఇంత పొడుగు జాబు రాసేదానివి కాదు నువ్వు. "ఊరికే" అని రాసినావంటే దాని వెనక ఏందో ఉండాది. చెప్పు.

లోగు

* * *

గుడియాత్తం
వైకాశి నెల, మంగళవారం

లోగూ,

దొంగను దొంగే పట్టినట్ల పట్టుకున్నావు. చెప్తా విను. ఇది నా కొడుక్కీ తెలీదు, గోమతికీ తెలీదు.

అమ్మవారి రాగి తొడుగు నువ్వు చూసిందే గదా, మొగమూ రొమ్మూ కలిపి ఉంటాది. ఏడాదంతా పాలు, పసుపునీళ్లు పోసి పోసి పచ్చగా అయిపోతాది. ఆడి నెల తిరునాళ్లకు ముందుదినం దాన్ని ఊడదీసి, తలుపు మూసి, మా ఇంటి పెద్దకోడలు తోమాల. మొగవాడి కన్ను పడకూడదు, వేరే ఇంటి ఆడదాని చెయ్యి తగలకూడదు. మా ఇంటిదే ఇంకొక ఆడది పక్కన నిలబడి నీళ్లు పోస్తాది. సాయంత్రం పెద్దమనిషి తంగవేలు అందరి ముందర ఆ నీళ్లు పోసినామెను అడగతాడు, తోమింది ఎవరి చెయ్యి అని. ఆమె చెప్పిందే చెల్లుబాటు. పెద్దకోడలి చెయ్యి అంటే, అమ్మవారి మెడలో మాల తీసి ఆ పెద్దకోడలికి వేస్తారు. మా అత్త పోయినప్పటినుంచి ఆ మాల నాదే. నాకు ఇంకేమి ఉండాది చెప్పు, చదువా, నగలా? ఆ ఒక్క మాల.

ఇప్పుడు నా మణికట్లు పోయినాయి. పోయినేడు తోమతా ఉంటే చింతపండు ముద్ద చేతిలోంచి జారి కింద పడింది. నీళ్లు పోసే గోమతి చూడలా. ఈ ఏడు కాఫీ లోటా ఎత్తేకే రెండు చేతులూ కావాల. పెద్దకోడలి చెయ్యి నిలిచిపోతే పని చిన్నకోడలికి పోతాది. ఒకసారి పోయింది మళ్లీ రాదు. మా ఇంట చిన్నకోడలు అంటే అంబుజం, నా తోడికోడలు.

అంబుజం కాకుండా ఇంకెవరైనా అయుంటే కండ్లు మూసుకోని ఇచ్చేద్దును. అమ్మవారి ముక్కు చదునైపోయి ఉండాది, నువ్వు గమనించినావో లేదో. చిన్నప్పుడు తిరునాళ్లకు వచ్చి నేను చూసిన ముక్కు కాదు అది. ఒకప్పుడు నేను తోమతా ఉంటే అంబుజమే నీళ్లు పోసేది. నాకు తెలీకుండా ఇటికెపొడి కలిపింది, అందుకే అరిగింది అని నేను. గేదెను రుద్దినట్ల నువ్వు రుద్దినందుకే అరిగింది అని ఆమె. ఆ పొద్దు నిలిచిన మాటలు మళ్లీ లేవలా. వాకిట్లో గోడ లేచింది.

ఆ ముక్కు అరగదీసినామె చేతికి అమ్మవారిని అప్పగించి నేను చూస్తా కూర్చోవాలా? నా వల్ల కాదు. నీ మిషను చూసినాక ఆశ పుట్టింది నాయనా. చెంబు సగం చూసి కండ్లల్లో నీళ్లొచ్చినాయి. మిగతా సగం ఎందుకు చెయ్యలేదని గోమతి నిన్ను తిట్టింది, అది వేరే సంగతి.

మీ అత్త

* * *

వేలూరు, తొరపాడి
జూన్ 2

అత్తా,

జాబు చదివి నవ్వాలో ఏడవాలో తెలీలా. ఒక ముక్కు కోసం ఇంట్లో గోడ కట్టుకున్నోళ్లు ఈ జిల్లాలో మీరే అయుంటారు.

నేను వచ్చి చేసేద్దును, మొగోడినైపోయినా. అయితే మిషనుకు మొగా ఆడా లేదు. నువ్వే పట్టుకో. రుద్దే పని లేదు, అదిమే పని లేదు, సొరకాయ బరువు గూడా ఉండదు. ఆదివారం రా, నేర్పిస్తా. ముందుగా తంగవేలు మామను ఒక మాట అడుగు. మిషను పట్టుకున్న చెయ్యి చెయ్యే అంటాడా, కాదంటాడా?

మోహన నీ కోసం పనసపండు దాచిపెట్టి ఉండాది.

లోగు

* * *

గుడియాత్తం
ఆని నెల మొదటి వారం

లోగూ,

ఇంటికి చేరినా. బస్సులో కే.వి.కుప్పం దాటేదాకా నా చేతులు నేనే చూసుకుంటా కూర్చున్నా. పక్కనున్నామె నాకేదో జబ్బు అనుకున్నట్లుండాది, కిటికీ తెరిచింది.

ఆ తుపాకి నువ్వు చేతికిచ్చినప్పుడు అమ్మవారిని తలుచుకున్నా. మొదలుపెట్టినాక భయం యాడికో పోయింది. అది మాకు తెలిసిన పనే లోగూ. వీధిలో పడుగు దారాలు పరిచి గంజి కుంచె వేసేటప్పుడు ఇంతే గదా. ఈ కొసన మొదలుపెడితే ఆ కొసదాకా ఒకే నడక, చెయ్యి ఆగిందా, అక్కడ గంజి ముద్ద కడతాది. నీ పాత అండా మీద నా చెయ్యి దానంతట అదే నడిచింది. మణికట్టు ఒక్కసారి గూడా కలుక్కుమనలా. చాన్నాళ్లకు నా చేతులు నా మాట విన్నాయి, ఆ సంతోషం నీకు చెప్పినా అర్థం కాదు.

తంగవేలు అన్న కాడికి పోయి అడిగినా. ఆయన గడ్డం గోక్కోని, చింతపండు పట్టినా చెయ్యే, మిషను పట్టినా చెయ్యే, ఎవరి చెయ్యో చెప్పేది పక్కన ఉన్నామె పని అన్నాడంట. గోమతి చెప్పింది నాకు.

ఇంక గోమతికి ఏడో నెల. కడుపుతో ఉన్నామె ఆ పొద్దు గర్భగుడిలోకి రాకూడదు. మిషనుకు నీళ్లు పోసేది లేదు గదా, నేనొక్కదాన్నే తలుపు మూసుకోని పని ముగించేస్తా. సాయంత్రం అడిగితే, లోపల నేను తప్ప ఎవరూ లేరు, ఇంకెవరి చెయ్యి అని నేనే చెప్పుకుంటా. ఆడి రెండో గురువారానికి మిషను పంపించు.

మీ అత్త

* * *

వేలూరు, తొరపాడి
జూన్ 27

అత్తా,

నీ చెయ్యి బంగారం. నా దగ్గర పనికి వచ్చే పిల్లోళ్లు నెల తిరిగినా అంత సమంగా నడపలేరు. అయినా ఒక్కదానివే చేసేదానికి ఒప్పుకోను. కోపం తెచ్చుకోకుండా చదువు.

కండ్లకు పెట్టుకోమని నేనిచ్చిన అద్దాలు పచ్చ రంగువి. లేజరును ఆపే అద్దాలు ఆ రంగులోనే ఉంటాయి. పచ్చ అద్దంలోంచి చూస్తే పచ్చ కిలుము ఉండాదో పోయిందో తెలీదు. మరి నాకెట్ల తెలుస్తాది అంటావా? చెవితో. కిలుము ఉన్నంతసేపు శెనిక్కాయలు వేయించినట్ల చటచటమంటాది. పోయినాక ఆ శబ్దం సన్నబడతాది. అప్పుడు పక్కకు జరగాల, జరగకపోతే నల్లమచ్చ. ఆదివారం నేను నీ వెనకాల నిలబడి భుజం తడతా ఉన్నింది అందుకే. నువ్వు మెచ్చుకోలు అనుకున్నావు.

అమ్మవారి మొగం మీద నల్లమచ్చ పడితే నీ గతేంది, నా గతేంది?

అందుకని చెవులు బాగున్నామె ఒకరు లోపల ఉండాల. ఆ అద్దాలు నా దగ్గర రెండే జతలు ఉండాయి. రాగి వెలుతురును వెనక్కి కొడతాదని చెప్పినా గదా, అద్దం లేని కంటికి అది తగిలితే చూపు పోతాది. గోమతి వద్దే వద్దు, ఆచారం ఒప్పుకున్నా నేను ఒప్పుకోను, ఆ పొడి కడుపులో బిడ్డకు మంచిది కాదు. మోహన వేరే ఇంటి మనిషి. మీ ఇంటి ఆడవాళ్లల్లో ఇంక మిగిలింది ఎవరో నేను రాయను. నీకు తెలుసు.

లోగు

* * *

గుడియాత్తం

లోగనాథన్‌కు,

నువ్వు నాకు మేనల్లుడివా, అంబుజానికా?

నా చెయ్యి నిలిచిపోవాలని ఎదురుచూసే మనిషిని నా వెనకాల నిలబెట్టుకోని, ఆమె తట్టితే జరగాలా? కావాలనే తట్టకుండా ఉంటే? సాయంత్రం తంగవేలు అన్న అడిగితే, చెయ్యి అక్కది కాదు, మిషనుది అని ఒక్క మాట అంటే చాలు. మాల అటే పోతాది, మళ్లీ ఇటు రాదు. పిల్లికి పాలకుండ కాపలా పెట్టమంటా ఉండావు.

నీ మిషను నువ్వే పెట్టుకో. చింతపండు నానబెట్టుకుంటా.

కాశమ్మ

* * *

వేలూరు, తొరపాడి
జూలై 6

అత్తా,

"మీ అత్త" అని గూడా రాయలా నువ్వు. రెండు పూటలు అన్నం దిగలా నాకు.

చింతపండు ముద్ద ఈసారి అంబుజత్త ముందర జారిపోతాది, ఆలోచించుకో. ఒంటరిగా చేస్తానంటే మిషను పంపను, నువ్వు ఏమని తిట్టినా సరే. నీ కండ్లు పోతే ఈ జాబులు నాకెవరు రాస్తారు?

ఒక్కసారి గోడ అవతలికి పోయి అడుగు. కాదంటే కాదనింది అని రాయి. దానికే నువ్వు అరిగిపోవు.

లోగు

* * *

గుడియాత్తం
ఆని ఆఖరు

లోగూ,

పోయినా.

వీధి చుట్టి పోవాల గదా, గోడ మేమే కట్టుకుంటిమే. ఆమె వాకిట్లో కూర్చోని కండెలు చుట్టతా ఉండాది. నన్ను చూసి రాట్నం నిలిపేసింది. నేనే కింద కూర్చోని మొదలుపెట్టినా. నాకు వినపడదు గాబట్టి ఆమె మధ్యలో ఏమన్నా అనిందో లేదో తెలీదు, నా పాటికి నేను మొత్తం చెప్పేసినా. మిషను, లైటు, పచ్చ అద్దాలు, శెనిక్కాయల శబ్దం. మణికట్ల సంగతి మాత్రం చెప్పలా. చెవి కావాల, నీ చెవి ఇస్తావా అని అడిగినా. ఆ మాట అడిగేటప్పుడు నా మీద నాకే అసహ్యం పుట్టింది.

లేచి లోపలికి పోయింది. తలుపు వేసేస్తాది అనుకున్నా. కాఫీ తెచ్చింది. రెండు చేతులతో అందుకున్నా, అయినా లోటా వణికింది. ఆమె చూసింది. లోటా అడుగున తన చెయ్యి పెట్టి, నేను తాగేదాకా అట్లనే పట్టుకోని ఉన్నింది. నా గుట్టు అంతటితో రట్టయిపోయింది.

వస్తావా అని మళ్లీ అడిగితే తల ఊపింది. ఆ ఊపడం సరేననా, చూద్దామనా, నీ పని అయిపోయిందిలే అనా, నాకు తెలీలా. రెప్పల కింద ఏమి ఉండాదో అమ్మవారికే ఎరుక.

మిషను పంపించు. భయంగా ఉండాది నాయనా.

మీ అత్త

* * *

వేలూరు, తొరపాడి
జూలై 21

అత్తా,

నేనే తెచ్చి బయట వాకిట్లో కూర్చోవాలనుకున్నా. మా దాయాదుల్లో పెద్దాయన సుబ్బరాయులు నిన్న పోయినాడు, నాకు మైల. తిరునాళ్లు అయ్యేదాకా గుడి వీధికే రాకూడదు. మోహన పుట్టింటి నుంచి నేరుగా అక్కడికి వస్తాది, మైల ఇంట అడుగు పెట్టకుండా వస్తే గుడి తలుపు బయటిదాకా తప్పు లేదని తంగవేలు మామ అన్నాడు. మిషను దొరై బండిలో వస్తాది. మోహన తలుపు బయట వైరు పెట్టి, స్విచ్చి వేసి, బలం ఎంత ఉండాల్నో అంతకు సరిచేసి ఇస్తాది. లోపల ఏమి చెయ్యాల్నో నీకు తెలుసు.

ముక్కుకు గుడ్డ గట్టిగా కట్టుకోండి ఇద్దరూ. ఆ పొడి పీల్చకూడదు. నగలు, గాజులు తీసెయ్యండి. ముందు రొమ్ము భాగం చెయ్యండి, మొగం ఆఖర్న.

అంబుజత్త తడితే జరుగు. నమ్ము.

లోగు

* * *

వేలూరు, తొరపాడి
ఆగస్టు 2

అత్తా,

మోహన సాయంత్రం బస్సుకే వచ్చేసింది. మాల సంగతి ఆమెకు తెలీదంట. ఆమె చెప్పింది ఇంతే, మీరిద్దరూ తలుపు తీసుకోని వచ్చినప్పుడు మొగాలకు గుడ్డలు కట్టుకోని, చేతులు పట్టుకోని ఏడస్తా ఉండారంట. మచ్చ పడిందా? మొగం పాడైపోయిందా? నాకు నిద్ర లేదు. ఇప్పుడే రాసి పంపించు, దొరై కాసుకోని ఉంటాడు.

లోగు

* * *

గుడియాత్తం
ఆడి నెల, తిరునాళ్లు అయినాక

నా బంగారు అల్లుడికి,

మచ్చా లేదు, గిచ్చా లేదు. కూర్చోని నిదానంగా చదువు.

తలుపు మూసినాము. తొడుగు మా ముందర పచ్చగా పడుకోని ఉండాది. అద్దాలు పెట్టుకోని, గుడ్డలు కట్టుకోని అంబుజాన్ని చూస్తే నాకు నవ్వొచ్చింది, ఆమె భుజాలు గూడా ఊగినాయి. నవ్విందని అట్ల తెలిసింది. ఆమె నా వెనకాల నిలబడి కుడి భుజం మీద వేళ్లు పెట్టింది. నేను మొదలుపెట్టినా.

ఒక్కటీ తప్పలా లోగూ. సరిగ్గా తట్టేది, నేను జరిగేదాన్ని. కొంచేపటికి తట్టేది గూడా మానేసింది, వేలు అట్ల నొక్కితే చాలు నా చెయ్యి నడిచేది. ఆ వేళ్లు నన్ను పడదోసేదానికి పెట్టినవి కాదని నాకు అప్పుడే అర్థమయింది. ఇన్నేండ్లు ఈ మనిషిని ఏమేమి అనుకున్నానో అని సిగ్గేసింది.

రొమ్ము అయింది, మొగానికి వచ్చినాము. ముక్కు పక్కన రెండు వైపులా వెలుతురు పెట్టినప్పుడు అంబుజం వేలు నొక్కనే నొక్కలా. ఇంకా ఉండాది, ఇంకా ఉండాది అన్నట్ల చెయ్యి ఊరికే ఆనించి పెట్టింది. నేను కుంచె వేసినట్ల పైకీ కిందికీ నడపతానే ఉండా. ఆ సందుల్లోంచి పొడి లేచింది, లేచింది, ఇంత పొడి యాడ దాక్కోని ఉన్నిందో. ఆఖరికి వేలు నొక్కింది. ఆపి, మిషను నిలిపి, అద్దాలు తీసి చూసినాము.

ముక్కు ఉండాది.

అరగనే లేదు లోగూ. నేను చిన్నప్పుడు చూసిన ముక్కు, అట్లనే, సూటిగా లేచి ఉండాది. మేము తోమిన చింతపండే ఏటేటా ఆ సందుల్లో ఇరుక్కోని, కడిగినా పోక, దాని మీద కిలుము, దాని మీద మళ్లీ చింతపండు, అట్ల గట్టకట్టి చెంపలకు సమం అయిపోయి ఉన్నింది. ఆమె ఇటికెపొడీ కాదు, నా రుద్దుడూ కాదు. ఎవరూ అరగదీయని ముక్కు కోసం ఇద్దరమూ ఇన్నేండ్లు మొగాలు తిప్పుకోని తిరిగినాము. మోహన చూసిన ఏడుపు అదే. ఏడుపులో సగం నవ్వు.

సాయంత్రం అందరూ కూడినారు. తొడుగు అమ్మవారికి వేసినారు, దీపం చూపించినారు. జనం నోళ్లు తెరుచుకోని చూస్తా ఉండారు. తంగవేలు అన్న లేచి అంబుజం వైపు తిరిగి అడిగినాడు. ఆయన పెదాలు కదిలింది కనిపించింది, మాట వినపడలా. అందరూ ఆమెను చూస్తా ఉండారు. ఆమె పెదాలు కదిలినాయి. ఒక్క మాట అయుంటే కనిపెట్టేదాన్ని. ఆమె చానా సేపు మాట్లాడింది. జనంలో ఎవరో నవ్వినారు, ఇంకొకామె కొంగుతో కండ్లు తుడుచుకునింది. నా మాల పోయిందని అనుకున్నా. పోతే పోనీ, ఆమె మెడలోనే గదా పడేది అనుకున్నా, ఒట్టు, నిజంగా అట్లనే అనుకున్నా. అంతలో నా మెడ మీద చల్లగా తగిలింది. చూస్తే మాల.

ఇంటికొచ్చినాక గోమతి నా చెవి కాడ నోరు పెట్టి చెప్పింది, అంబుజం ఏమనిందో. "చెయ్యి మా అక్కదే. నేను ఊరికే చెవి పెట్టి విన్నా, అంతే. ఆమె చెయ్యి ఆడినంతకాలం ఈ పని ఆమెదే, ఆడకపోతే నేను పట్టుకుంటా, పట్టుకున్నా గూడా మాల ఆమెకే వెయ్యండి. మా వల్ల ముక్కు అరిగిందని అనుకున్నోళ్లు అందరూ ముందుకొచ్చి చూసిపోండి."

ఇప్పుడు పొద్దన్నే వచ్చి నా పక్కనే కూర్చుంటాది. ఇన్నేండ్లూ లోపల పెట్టుకునిందంతా చెప్తానే ఉండాది, ఆపదు. నాకు ఒక్క ముక్క వినపడదు. ఆమె నవ్వితే నవ్వతా, కండ్లు తుడుచుకుంటే నేనూ తుడుచుకుంటా, మధ్యలో తల ఊపతా. నిన్న ఏందో అడిగి జవాబు కోసం నా మొగం చూసింది, దానికీ తల ఊపినా.

చెవికి పెట్టుకునే మిషను వేలూరులో ఇస్తారంట గదా లోగూ. వినాల్సింది ఏముందిలే అని ఇన్నాళ్లూ అటువైపే పోలా. ఎప్పుడు రావాల్నో రాయి. తొందరగా రాయి, ఆమె చెప్పేది చానా దూరం పోతా ఉండాది.

మీ అత్త